నాన్నగారికి పీఎస్ఏ 6.8: బయాప్సీకి ముందు తేల్చుకోవాల్సినవి

మీరు రాసిన వివరాలు ఇవీ: నాన్నగారికి 64 ఏళ్లు. మదనపల్లె నుంచి మారతహళ్లిలో మీ దగ్గరికి వచ్చినప్పుడు ఫుల్ బాడీ చెకప్ చేయిస్తే ప్రోస్టేట్ గ్రంథికి సంబంధించిన రక్తపరీక్ష టోటల్ పీఎస్ఏ 6.8 అని ఎర్ర అక్షరాల్లో వచ్చింది. పొట్ట స్కానింగ్ రిపోర్టులో ‘ప్రోస్టటోమెగలీ గ్రేడ్ 2’ అని ఉంది. ల్యాబ్ తరఫున ఫోన్‌లో మాట్లాడిన డాక్టరు వెంటనే బయాప్సీ (గ్రంథి నుంచి ముక్క తీసి చూడటం) అన్నారు. ఊళ్లో డాక్టరేమో నెల రోజులు యాంటీబయాటిక్ వాడి మళ్లీ చూద్దామన్నారు. ఏడాదిన్నరగా రాత్రిపూట ‘మూత్రం మాత్ర’ ఒకటి వేసుకుంటున్నారు. మీకు 38, మీరూ ఈ పరీక్ష చేయించుకోవాలా అని చివర్లో అడిగారు.

ఆ మాత్ర సంగతి మీరు మాటవరసకు రాశారు గానీ, అన్నిటికంటే ముందు తేలాల్సింది అదే. స్ట్రిప్ వెనక్కి తిప్పి మందు పేరు చదవండి. టామ్సులోసిన్ 0.4 ఒక్కటే ఉంటే, లేదా సిలోడోసిన్, ఆల్ఫుజోసిన్ లాంటిది ఒక్కటే ఉంటే, పీఎస్ఏతో దానికి పేచీ లేదు, 6.8 అంటే 6.8. దాంతోపాటు డుటాస్టెరైడ్ 0.5 గానీ ఫినాస్టెరైడ్ 5 గానీ ఉంటే లెక్క పూర్తిగా మారిపోతుంది. ఇవి ప్రోస్టేట్ గ్రంథిని కుదించే మందులు. ఆరు నెలల నుంచి ఏడాది వాడేసరికి పీఎస్ఏని దాదాపు సగానికి దించేస్తాయి. నాన్నగారు వాడుతున్నది అదే అయితే 6.8ని రెండుతో గుణించి 13.6గా చదవాలి. షాపులో యూరిమాక్స్ అని ఇస్తే అందులో టామ్సులోసిన్ ఒక్కటే. పక్కన డి ఉంటే డుటాస్టెరైడ్ కలిసినట్టు, ఎఫ్ ఉంటే ఫినాస్టెరైడ్ కలిసినట్టు. వెల్టామ్ పక్కన ప్లస్ ఉంటే అదీ డుటాస్టెరైడే. ఒక్క అక్షరం తేడాతో 6.8 కాస్తా 13.6 అవుతుంది. ల్యాబ్‌లో మెషీన్‌కి ఈ సంగతి తెలియదు, రిపోర్టు మీద ఎక్కడా రాదు. ఈ మందు వాడుతున్న మనిషికి 3.2 వస్తే ‘నార్మల్’ అని నల్ల అక్షరాల్లో అచ్చయి వస్తుంది. అసలు విలువ 6.4 అని ఎవరూ గమనించకుండానే ఏళ్లు గడిచిపోతాయి. నాకు ఎక్కువ భయం అలాంటి రిపోర్టులంటేనే.

పరీక్ష కోసమని ఆ మాత్ర మాత్రం ఆపేయకండి. డుటాస్టెరైడ్ ఒంట్లోంచి పూర్తిగా పోవడానికి నెలలు పడుతుంది, ఈలోపు ఆపితే మూత్రం బిగపట్టే అవకాశం పెరుగుతుంది. దానికి బదులు మదనపల్లె ఇంట్లో పాత ఫైలు వెతికించండి. మందు మొదలుపెట్టే ముందు పీఎస్ఏ చేయించి ఉంటే ఆ కాగితం ఇప్పుడు చాలా విలువైనది. అప్పుడు 13 ఉండి ఇప్పుడు 6.8 అయితే మందు చేయాల్సిన పని చేసిందన్నమాట (13 అన్నది ఎలాగూ విచారించాల్సిందే, అది వేరే సంగతి). అప్పుడు 5 ఉండి ఉంటే ఈపాటికి రెండున్నరకు దిగాలి, దిగకపోగా 6.8కి ఎక్కిందంటే అది గట్టి హెచ్చరిక. ఈ మందు మీద ఉన్నవాళ్లకి అన్నిటికంటే కింద పడ్డ విలువ ఎంతో గుర్తుపెట్టుకోవాలి. అక్కడి నుంచి పైకి కదిలి, రెండోసారి చేసినా అలాగే ఉంటే, రిపోర్టుల్లో మామూలుగా హద్దుగా పెట్టే 4 దాటకపోయినా యూరాలజిస్టుకు చూపించాలి.

అసలు పీఎస్ఏ అంటే ఏంటో కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీన్ని క్యాన్సర్ కణం వదిలే విషం అనుకుంటారు. ఇది ప్రోస్టేట్ గ్రంథి రోజూ తయారుచేసే ప్రొటీన్. వీర్యాన్ని పల్చబరచడం దాని పని. వీర్యంలో ఉండేదాంతో పోలిస్తే రక్తంలోకి జారేది లేశమాత్రం, అందుకే నానోగ్రాముల్లో కొలుస్తారు. గ్రంథికీ రక్తానికీ మధ్య కట్టడి దెబ్బతింటే ఎక్కువ జారుతుంది. క్యాన్సర్ దెబ్బతీసినా అంతే, ఇన్ఫెక్షన్ తీసినా అంతే. గ్రంథి వయసుతో పెరిగి పెద్దదైతే తయారీయే ఎక్కువవుతుంది. కాబట్టి ఇది ప్రోస్టేట్‌లో ఏదో జరుగుతోందని చెప్పే పరీక్షే తప్ప ఏం జరుగుతోందో చెప్పేది కాదు. 4 అనే గీత కూడా మనుషులు గీసిందే. వయసును బట్టి చూసే పట్టికల్లో నలభైల్లో 2.5, యాభైల్లో 3.5, అరవైల్లో 4.5, డెబ్బైల్లో 6.5 దాకా ఒప్పుకుంటారు. పాశ్చాత్య దేశాల లెక్కల్లో 4 నుంచి 10 మధ్య వచ్చినవాళ్లలో బయాప్సీ చేస్తే సుమారు నలుగురిలో ఒకరికి క్యాన్సర్ దొరికింది, పది దాటినవాళ్లలో సగానికి పైగా. అటువైపు, 4 లోపు ఉన్నవాళ్లకి కూడా బయాప్సీ చేసి చూసిన ఒక పెద్ద అమెరికన్ అధ్యయనంలో (2004లో వచ్చింది) 15 శాతం మందిలో దొరికింది. అంటే తక్కువ వస్తే లేనట్టూ కాదు, ఎక్కువ వస్తే ఉన్నట్టూ కాదు.

ఇక మళ్లీ పరీక్ష. ఒక్క రిపోర్టు పట్టుకుని బయాప్సీకి పోవద్దు. తేడా ఏమీ లేని మనిషిలోనే పీఎస్ఏ ఒకసారికి మరోసారికి 15, 20 శాతం ఊగుతుంది. మొదట ఎక్కువ వచ్చినవాళ్లలో చాలామందికి రెండోసారి మామూలుకి దిగుతుంది. మందు స్ట్రిప్ మీద డుటాస్టెరైడ్, ఫినాస్టెరైడ్ లేకపోతే ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి చేయించండి. ఉంటే, అంటే అసలు విలువ 13.6 అయితే, రెండు నెలలు ఆగకండి. ఈ వారంలోనే మళ్లీ చేయించి, ఆ రిపోర్టు వచ్చేలోపే యూరాలజిస్టు అపాయింట్‌మెంట్ తీసుకోండి.

మొదటి పరీక్షకు ముందు ఆరు వారాల్లో ఏం జరిగిందో నాన్నగారిని నిదానంగా అడగండి. మూత్రంలో మంట, చలిజ్వరం వచ్చాయా? మూత్రం పూర్తిగా ఆగిపోయి ట్యూబు వేయించుకున్నారా? ఇది ముఖ్యం. ఊళ్లో మూత్రం బిగుసుకుపోతే కేథటర్ వేసి బెంగళూరు పంపుతారు, ఇక్కడ ఆస్పత్రిలో చేరిన రోజే అన్ని పరీక్షలతో పాటు పీఎస్ఏ కూడా తీస్తారు. అప్పుడు 20, 30 వచ్చి ఇంటిల్లిపాదీ కుప్పకూలతారు. ఆ అంకెలో ఎంత భాగం ట్యూబుదో, మూత్రం ఆగడం వల్ల వచ్చిందో ఎవరూ విడదీయలేరు. ట్యూబు, సిస్టోస్కోపీ (మూత్రమార్గంలోంచి కెమెరాతో చూడటం), ఇన్ఫెక్షన్, వీటిలో ఏది జరిగినా కనీసం ఆరు వారాలు ఆగితేనే ఆ అంకెకు అర్థం ఉంటుంది. పరీక్షకు ముందు రెండు రోజులు వీర్యస్ఖలనం లేకుండా చూసుకోవాలి, సైకిల్ తొక్కకూడదు. నాన్నగారితో ఈ మాట కొడుకుగా చెప్పడానికి ఇబ్బందిగా ఉంటే డాక్టరుతోనో వాళ్ల ఈడు బంధువుతోనో చెప్పించండి గానీ వదిలేయకండి. పరగడుపున ఉండక్కర్లేదు. డాక్టరు వేలితో చేసే పరీక్ష వల్ల పెద్దగా పెరగదు.

అదే ల్యాబ్‌లో చేయించండి. ఒక కంపెనీ మెషీన్‌కీ ఇంకో కంపెనీ మెషీన్‌కీ కొలిచే ప్రమాణం వేరు కావచ్చు. అదే రక్తానికి ఇరవై శాతం దాకా తేడా రావచ్చు. మదనపల్లెలో ఒకటి, మారతహళ్లిలో ఒకటి చేయించి ‘తగ్గింది, పెరిగింది’ అనుకోవడం పొరపాటు. జుట్టు కోసమో గోళ్ల కోసమో బయోటిన్ మాత్రలు (5, 10 మిల్లీగ్రాములవి) వాడుతుంటే రెండు మూడు రోజుల ముందే ఆపాలి. కొన్ని మెషీన్లలో అది పీఎస్ఏని ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది.

ఊళ్లో డాక్టరు చెప్పిన యాంటీబయాటిక్ గురించి: ముందు మూత్రం రొటీన్, కల్చర్ చేయించండి. ఇన్ఫెక్షన్ దొరికితే దానికి తగిన మందు వాడి, తగ్గాక ఆరు వారాలకు పీఎస్ఏ. మంట, జ్వరం, కల్చర్‌లో క్రిమి ఏదీ లేకుండా ఉత్తినే అంకె దించడానికి నెల రోజులు లెవోఫ్లాక్సాసిన్ వాడటం నాకు సమ్మతం కాదు, యూరాలజీ మార్గదర్శకాలు కూడా వద్దంటాయి. అంకె దిగినా అది మందు వల్లో మామూలు ఊగిసలాట వల్లో తెలియదు. పైగా కడుపులో ఉన్న క్రిములు ఆ మందుకి మొండికేయవచ్చు. రేపు బయాప్సీ అవసరమైతే ఇన్ఫెక్షన్ రాకుండా ఇచ్చే మందులు తరచుగా ఆ కుటుంబంవే, అప్పటికి అవి పనిచేయకపోవచ్చు.

రెండోసారి చేయించేటప్పుడు టోటల్‌తో పాటు ఫ్రీ పీఎస్ఏ (రక్తంలో వేరే ప్రొటీన్లకి అతుక్కోకుండా విడిగా తిరిగే భాగం) కూడా అడగండి. టోటల్ 4 నుంచి 10 మధ్య ఉన్నప్పుడే ఇది ఉపయోగం. టోటల్‌లో ఫ్రీ ఎంత శాతమో చూస్తారు: 6.8లో ఫ్రీ 1.9 ఉంటే 28 శాతం, 25 దాటింది కాబట్టి ఊరట, 0.6 ఉంటే 9 శాతం, పది లోపు కాబట్టి అనుమానం బలపడుతుంది. మధ్యలో వస్తే దానికదే ఏమీ తేల్చదు. డుటాస్టెరైడ్ వాడుతున్నా టోటల్, ఫ్రీ రెండూ దిగుతాయి కాబట్టి శాతం పెద్దగా మారదు. ఇక్కడ బెంగళూరులో ఒక చిక్కుంది. ఇంటికొచ్చి రక్తం తీసుకునే కుర్రాడు ఏడింటికి మీ అపార్ట్‌మెంట్‌లో తీసి, ఇంకో నాలుగిళ్లు తిరిగి, ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో పడి ల్యాబ్‌కి చేర్చేసరికి మధ్యాహ్నం అవుతుంది. టోటల్ పీఎస్ఏ దానికి తట్టుకుంటుంది. ఫ్రీ పీఎస్ఏ తట్టుకోదు, సీరం వేరు చేసి చల్లగా పెట్టకపోతే గంటల్లో తరిగిపోతుంది. అది తరిగితే శాతం తక్కువొచ్చి లేని భయం పుట్టిస్తుంది. కాబట్టి దీనికి ఇంటి శాంపిల్ వద్దు. సెంట్రిఫ్యూజ్ (రక్తాన్ని తిప్పి సీరం వేరుచేసే యంత్రం) ఉన్న సెంటర్‌కి వెళ్లి ఇవ్వండి, రెండు మూడు గంటల్లో సీరం తీసి ఫ్రిజ్‌లో పెడతారా అని కౌంటర్‌లో అడగండి. ఎవరూ ఏమీ అనుకోరు.

పీహెచ్ఐ అనే ఇంకో రక్తపరీక్ష కొన్ని పెద్ద ల్యాబుల్లో చేస్తారు. ఎంఆర్‌ఐ దొరికే ఊళ్లో ఉన్నారు కాబట్టి మీకు అది తప్పనిసరి కాదు. ప్యాకేజీల్లో ‘క్యాన్సర్ మార్కర్లు’ అని కలిపే సీఈఏ, సీఏ 19-9 ప్రోస్టేట్ విషయంలో దండగ. యాసిడ్ ఫాస్ఫటేజ్ పాతకాలపుది.

స్కానింగ్ రిపోర్టులో ‘గ్రేడ్ 2’ చూసి రెండో దశ క్యాన్సర్ అనుకుని ఉంటారు, మీ ప్రశ్నలో ఆ భయం కనిపించింది. కాదు. అది గ్రంథి ఎంత పెరిగిందో చెప్పే మాటే, క్యాన్సర్ దశకీ దానికీ సంబంధం లేదు. మీకు పనికొచ్చేది ఆ వాక్యం పక్కన ఉండే కొలతలు. ఉదాహరణకు 4.8, 4.4, 5.6 సెంటీమీటర్లు అని ఉందనుకోండి. మూడూ గుణించి 0.52తో గుణిస్తే సుమారు 61.5 సీసీ. పీఎస్ఏని ఆ సైజుతో భాగిస్తే పీఎస్ఏ డెన్సిటీ వస్తుంది: 6.8 బై 61.5 అంటే 0.11. ఇది 0.15 లోపు ఉంటే, పెద్ద గ్రంథి కాబట్టి పెద్ద అంకె వచ్చిందనుకోవచ్చు. అదే గ్రంథికి అసలు పీఎస్ఏ 13.6 అయితే డెన్సిటీ 0.22, అప్పుడు ఆ సర్దుబాటు చెల్లదు. (డుటాస్టెరైడ్ గ్రంథిని కూడా కొంత కుదిస్తుంది కాబట్టి ఈ రెండో లెక్క అంత నిక్కచ్చి కాదు, దిశ మాత్రం చెబుతుంది.) అలాగే 28 సీసీ చిన్న గ్రంథిలోంచి 6.8 వస్తే 0.24. పైకి అదే 6.8, లోపల అర్థం వేరు. పొట్ట మీద నుంచి చేసే స్కాన్‌లో సైజు కొంచెం అటూఇటూ అవుతుంది, ఎంఆర్‌ఐలో వచ్చేది నమ్మదగ్గది.

రెండోసారి కూడా ఎక్కువే వస్తే యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి, వేలి పరీక్ష తప్పించుకోనివ్వకండి. క్యాన్సర్ ఎక్కువగా పుట్టేది గ్రంథి వెనక అంచులో, పేగు వైపు. అందుకే మొదట్లో మూత్రానికి ఏ ఇబ్బందీ పెట్టదు. రాత్రి నాలుగుసార్లు లేవడం, ధార సన్నబడటం మధ్య భాగం పెరగడం వల్ల వచ్చేవి. క్యాన్సర్ ఆ వెనక అంచులో ఉంటే వేలికి గట్టిగా, గడ్డలా తగలొచ్చు. పీఎస్ఏ పెద్దగా వదలని మొండి రకాలు కొన్ని ఈ పరీక్షలోనే బయటపడతాయి. నాన్నగారి వయసువాళ్లు సిగ్గుపడి వద్దంటారు, నిమిషం కూడా పట్టదని ముందే చెప్పి తీసుకెళ్లండి. ప్రభుత్వ వైద్యం కావాలంటే విక్టోరియా ఆస్పత్రి ఆవరణలో నెఫ్రో యూరాలజీ సంస్థ ఉంది, క్యాన్సర్ అని తేలాక కిద్వాయి క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. రెండు చోట్లా పొద్దున్నే వెళ్లాలి, పాత రిపోర్టులన్నీ తేదీల వరుసలో పెట్టుకుని.

తర్వాతి మెట్టు బయాప్సీ కాదు, ఎంఆర్‌ఐ. చీటీ మీద ‘మల్టీపారామెట్రిక్ ప్రోస్టేట్ ఎంఆర్‌ఐ’ అని రాయించుకోండి. ఉత్త పెల్విస్ ఎంఆర్‌ఐ చేయించుకొస్తే మళ్లీ డబ్బులు పెట్టాల్సి వస్తుంది. 3 టెస్లా మెషీన్ అయితే మేలు. కాంట్రాస్ట్ ఇస్తారు కాబట్టి క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష) రిపోర్టు దగ్గర పెట్టుకోండి. పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పాలి. బయాప్సీకి ముందే చేయించాలి, ఎందుకంటే ముక్క తీశాక లోపల కారిన రక్తం వారాల తరబడి బొమ్మను చెడగొడుతుంది. రిపోర్టులో క్యాన్సర్ అనుమానం ఎంతో చెప్పే పైరాడ్స్ అనే స్కోరు 1 నుంచి 5 దాకా ఇస్తారు. 1, 2 వచ్చి డెన్సిటీ కూడా తక్కువుంటే చాలామందికి బయాప్సీ లేకుండా ఆరు నెలలకోసారి పీఎస్ఏతో గమనించవచ్చు. 4, 5 వస్తే బయాప్సీ తప్పదు. 3 వస్తే డెన్సిటీ, కుటుంబ చరిత్ర చూసి డాక్టరు తేలుస్తారు.

బయాప్సీ దాకా వస్తే ఒకటే ప్రశ్న అడగండి: మలద్వారం లోపలి నుంచా, బయట చర్మం మీద నుంచా? మొదటి దారిలో సూది పేగు గుండా పోతుంది, మన దగ్గర మందులకు లొంగని క్రిములు ఎక్కువ కాబట్టి రక్తంలోకి ఇన్ఫెక్షన్ పాకే ప్రమాదం ఉంటుంది. రెండోది, వృషణాలకీ మలద్వారానికీ మధ్య చర్మం గుండా చేసేది, ఆ విషయంలో చాలా క్షేమం. మామూలుగా 12 చోట్ల నుంచి, ఎంఆర్‌ఐలో మచ్చ కనిపిస్తే దాంట్లోంచి అదనంగా కొన్ని ముక్కలు తీస్తారు. గుండె కోసం రక్తం పల్చబరిచే క్లోపిడోగ్రెల్ లాంటివి వాడుతుంటే యూరాలజిస్టుకీ గుండె డాక్టరుకీ ఇద్దరికీ చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి. మూత్రంలో కొన్ని రోజులు, వీర్యంలో కొన్ని వారాలు ఎరుపు కనిపించడం మామూలే. 100.4 జ్వరం, వణుకు వస్తే మాత్రం ఆ రాత్రే ఆస్పత్రికి, పొద్దున దాకా ఆగకూడదు. అందుకే బయాప్సీ అయిన మర్నాడే నాన్నగారిని మదనపల్లె బస్సెక్కించకండి. నాలుగైదు రోజులు మీ దగ్గరే ఉంచుకోండి. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందని ఊళ్లో ఎవరైనా అంటే నమ్మకండి. ప్రోస్టేట్ విషయంలో అది అత్యంత అరుదు, ఆ భయంతో పరీక్ష మానేసినవాళ్లకి జరిగే నష్టం అంతకంటే ఎన్నో రెట్లు.

క్యాన్సర్ అని వచ్చినా గ్లీసన్ స్కోరు (ముక్కను మైక్రోస్కోపులో చూసి క్యాన్సర్ ఎంత మొండిదో చెప్పే అంకె) చూసేదాకా గుండె జారనివ్వకండి. 3+3=6 అయితే చాలామందికి ఆపరేషన్, రేడియేషన్ ఏదీ వెంటనే అక్కర్లేదు; పీఎస్ఏ, ఎంఆర్‌ఐ, అవసరమైతే మళ్లీ బయాప్సీతో గమనిస్తూ ఉంటారు. బ్రిటన్‌లో గ్రంథి దాటని క్యాన్సర్ ఉన్నవాళ్లని మూడు గుంపులు చేసి, గమనింపు, ఆపరేషన్, రేడియేషన్ పోల్చి 15 ఏళ్లు వెంబడించారు. ఏ గుంపులోనైనా ఈ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లు నూటికి ముగ్గురి చుట్టూతానే. 4+3, 8, 9 వేరు; అక్కడ ఆలస్యం చేయకూడదు.

ఇంత వడపోత ఎందుకంటే, ఈ పరీక్షకు లాభమూ ఉంది, ఖర్చూ ఉంది. యూరప్‌లో 55 నుంచి 69 ఏళ్లవాళ్లని 23 ఏళ్లు గమనించిన అధ్యయనం లెక్క ప్రకారం, 456 మందిని పీఎస్ఏ పరీక్షకు పిలిస్తే ఒక ప్రాణం నిలిచింది. ఆ ఒక్కరి కోసం పరీక్ష లేనివాళ్ల కంటే అదనంగా 12 మందికి క్యాన్సర్ ఉందని తేలింది. వాళ్లలో ఎక్కువమంది దాన్ని మోస్తూనే నిండు జీవితం గడిపేవాళ్లు. ప్రాణం నిలవాలి, మిగతావాళ్లకి అక్కర్లేని కోత తప్పాలి. మళ్లీ పరీక్ష, డెన్సిటీ, ఎంఆర్‌ఐ అన్నీ దీని కోసమే.

ఇవన్నీ ఒంట్లో బాగానే ఉన్నవాళ్లకి. నాన్నగారికి కొత్తగా నడుములోనో తుంటిలోనో రాత్రిళ్లు నిద్ర లేపే నొప్పి ఉంటే, మూత్రంలో రక్తం పడితే, రెండో పీఎస్ఏ కోసం వారాలు ఆగకండి, వెంటనే చూపించండి. కాళ్లు తిమ్మిరెక్కి పట్టు తప్పితే అది ఆ రోజే అత్యవసర విభాగానికి వెళ్లాల్సిన సంగతి, వెన్నుపాము మీద ఒత్తిడి కావచ్చు.

ఇక మీ సంగతి. 38కి అక్కర్లేదు. కుటుంబంలో ఎవరికీ లేకపోతే 50 దగ్గర మొదలుపెట్టొచ్చు. నాన్నగారికి క్యాన్సర్ అని తేలితే మీకు అవకాశం దాదాపు రెండింతలు, అప్పుడు 45లోపే మొదటి పరీక్ష చేయించుకుని ఆ అంకె దాచుకోండి. అమ్మ తరఫునో నాన్న తరఫునో చిన్న వయసులో రొమ్ము, అండాశయ క్యాన్సర్లు వచ్చినవాళ్లు కూడా ఉంటే బీఆర్‌సీఏ2 జన్యువులో మార్పు ఉందేమో అడగాలి. అది ఉన్న మగవాళ్లు 40కే మొదలుపెడతారు. మీ తాతగారు ఉండి ఎనభై దాటి ఉంటే, ఏ ఇబ్బందీ లేనప్పుడు ప్యాకేజీలో వచ్చింది కదా అని ఆయనకు మాత్రం చేయించకండి. మీరు జుట్టు రాలకుండా ఫినాస్టెరైడ్ 1 మిల్లీగ్రాము వాడుతుంటే అదీ పీఎస్ఏని దించుతుంది, ఎప్పుడు పరీక్ష ఇచ్చినా ఆ మాట చీటీ మీద రాయించండి.